ఆత్మకూరులో జీను జారిన సాయంత్రం

మా ఉదయగిరి జట్కా మామూ పోయాడు. మొన్న శుక్రవారం పొద్దున గుర్రానికి ఉలవలు పెట్టి, కాళ్లు కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. నేను సైకిల్ షాపు తలుపు తీస్తుంటే కబురు వచ్చింది. తెచ్చినవాడు నా ముఖంలోకి చూసి, "ఒట్టు, నిజంగానే. ఇది నీ మాదిరి తమాషా కాదు" అన్నాడు. నా ముందు నిజం చెప్పాలన్నా జనం ఒట్టు వేసుకోవాల్సిన పరిస్థితి. అలాంటి పేరు తెచ్చుకున్నాను.

సాయంత్రం మట్టి వేసి ఖబరస్తాన్ నుంచి బయటికి వస్తుంటే వెనక ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకడు మావూరివాడు, ఇంకొకడు వింజమూరు నుంచి ఎవరింటికో వచ్చిన చుట్టం.

"ఎవురీయన?"

"జట్కా ఆయన. మంచోడేలే. ఆత్మకూరులో కాళ్లు లేని పెళ్లికొడుకును గుర్రం మీద నించి పడేసినాడు చూడు, ఆయనే."

డెబ్బై ఏళ్లు బతికిన మనిషికి వెనక మిగిలింది ఈ ఒక్క మాటా? వెనక్కి తిరిగి వాడి చొక్కా పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. పట్టుకునే ముఖం నాకు లేదు. ఎందుకంటే ఆ పెళ్లికొడుకును పడేసింది మామూ కాదు. నేను.

ఇది జరిగి పదేళ్లు దాటింది. తెలిసినవాళ్లం ముగ్గురమే. ఒకాయన మట్టిలోకి పోయాడు. రెండోవాడు ఆ పెళ్లికొడుకే, మా టైలరు. వాడిని అడిగే రాస్తున్నాను. ఎనిమిదో తరగతిలో చదువు నన్ను వదిలించుకుని పారిపోయింది కాబట్టి తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

మామూ అని ఆయనను పిలవని మనిషి ఉదయగిరిలో లేడు. సాయిబుల పిల్లలు పిలిచేవాళ్లు, మేం పిలిచేవాళ్లం, చర్చి పాస్టరు గారు కూడా అలాగే పిలిచేవాడు. బస్టాండు నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి ఆయన జట్కానే దిక్కుగా ఉన్న రోజులవి. గోధుమరంగు ఆడగుర్రం, పేరు బేగం. చేతిలో కమ్చీ ఉండేది గానీ దానితో ఈగలను తోలడం తప్ప ఇంకో పని చేయగా నేను చూడలేదు. పొద్దున్నే బండి కట్టేముందు గుర్రం ముక్కు దగ్గర ముఖం పెట్టి మెల్లగా ఊపిరి వదిలేవాడు.

"ఏంది మామూ, పొద్దున్నే ముద్దులా?"

"నేనొచ్చినానని చెప్తా ఉండా. నువ్వు ఇంటికి పోయినప్పుడు తలుపు కొట్టవా?"

"కొట్టను."

"అందుకే మీ ఆడమనిషి చీపురు తీస్తాది."

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, సుద్ద నీళ్లలో కలిపి బేగం ఒంటినిండా చారలు గీశాను. లేచి కేకలు వేస్తాడని షాపులో నక్కి కూర్చున్నాను. ఆయన లేచాడు, గుర్రం చుట్టూ ఒక సారి తిరిగాడు, బండి కట్టాడు. పొద్దు గూకేదాకా ఆ చారల గుర్రంతోనే ఊరంతా తిరిగాడు. అడిగినవాళ్లకు "మద్రాసు నించి కొత్తగా వచ్చినాది" అని చెప్పాడట. సాయంత్రం తెచ్చి నా షాపు ముందు కట్టేసి, బకెట్టు నా చేతికిచ్చి, "చారలు పోవాల. ఒక్క వెంట్రుక పోకూడదు" అన్నాడు. గుర్రాన్ని ఎట్లా ముట్టుకోవాలో నేను ఆరోజే నేర్చుకున్నాను. చివర్లో అది నా భుజం మీద తల పెట్టింది. అది చూసి ఆయన, "దానికి మనుషుల్ని గుర్తుపట్టడం రాదు, పాపం" అన్నాడు.

ఇక మా టైలరు సంగతి. వాడూ నేనూ చిన్నప్పటినుంచి దోస్తులం. మూడేళ్ల వయసులో జ్వరమొచ్చి ఎడమకాలు పుల్లలా సన్నబడిపోయింది. కుడికాలికీ పెద్ద బలం లేదు. ఇనుప పట్టీల బూటు, చేతికర్ర. కాళ్లతో తొక్కలేడు కాబట్టి చేత్తో తిప్పే మిషను మీదే కుట్టేవాడు. అయినా ఉదయగిరిలో షేర్వానీ కుట్టాలంటే వాడి దగ్గరికే రావాలి.

ఆత్మకూరులో వాడికి సంబంధం కుదిరింది. అమ్మాయి సరేనంది, అమ్మాయి నాయన సరేనన్నాడు. అమ్మాయి మేనమామకు మాత్రం గొంతు దిగలేదు. మాట ఖాయం చేసుకోవడానికి వాడితోపాటు నేనూ వెళ్లాను. మేనమామ టీ గ్లాసు కింద పెట్టి, వాడు ఎదురుగానే ఉన్నాడన్న జ్ఞానం లేకుండా, "నాలుగడుగులు నడవలేనోడు సంసారం ఏం నడుపుతాడు?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నా ఒళ్లు మండితే ముందు తెరుచుకునేది నోరు.

"నడిచే ఖర్మ మావోడికేంది సార్? గుర్రం మీద తిరుగుతాడు. కళ్లెం కూడా పట్టుకోడు."

నవ్వుతారనుకున్నాను. మేనమామ నవ్వలేదు. "అట్టయితే ఇంకేం. మా ఇంట్లో పెళ్లికొడుకులు గుర్రం మీదనే వస్తారు. బస్టాండు కాడ ఎక్కి మా గడప కాడ దిగమను. ఎవురూ ఎత్తకూడదు, ఎవురూ మొయ్యకూడదు. వస్తే నిఖా. లేకపోతే మీ దారి మీది."

అమ్మాయి నాయన తల వంచుకున్నాడు. మా టైలరు ముఖం గోడకున్న సున్నంలా తెల్లబడింది. అయినా, "వస్తాను" అన్నాడు.

తిరుగు బస్సులో దుత్తలూరు దాటేదాకా వాడు బూటు పట్టీలు విప్పుతూ బిగిస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత, "నీ నోరు కుట్టేస్తా" అన్నాడు.

"ఏ రంగు దారంతో?" అన్నాను. వాడు నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను. వాడు గుర్రాన్ని జట్కాలో కూర్చుని వెనకనుంచి చూడటమే గానీ దాని మీద చెయ్యి వేసిన మనిషి కూడా కాదు.

మర్నాడు పొద్దున్నే మామూ ఇంటికి పోయాం. జరిగింది చెప్పాను. ఆయన నన్ను తిట్టడానికి నోరు తెరిచి, ఎందుకో మానుకుని, వాడి వైపు తిరిగాడు.

"బూటు తియ్యి బేటా."

"బూటు లేకపోతే నిలబడలేను మామూ."

"నిలబడమన్నదెవురు? ఇది కూర్చునే పని."

సన్నకాలిని ఒళ్లో పెట్టుకుని మడమ నుంచి తొడదాకా నిమిరాడు. ఆ కాలిని వాడు మాకెవరికీ చూపించేవాడు కాదు. ఆయన దాన్ని అవిటిది అనలేదు, కుంటిది అనలేదు. "ఆడు పెద్దోడు, ఈడు చిన్నోడు. చిన్నోడు కొంచెం మొండోడు, అంతే" అన్నాడు. ఆ రోజునుంచి పొద్దున్నే మొదటి ప్రశ్న అదే: "చిన్నోడు ఎట్టుండాడు?"

నలభై పొద్దులు, కొండ కింద మట్టిబాట మీద. మొదట్లో జీను లేదు. బేగం వీపు మీద ఒక దుప్పటి, అంతే. వాడి చేతులు గట్టివి. జట్కా మెట్టు మీదనుంచి చేతుల బలంతో పాకి, గుర్రం వీపు మీద అడ్డంగా బోర్లా పడుకునేవాడు. తర్వాత చేత్తో చిన్నోణ్ని పట్టి అవతలికి దాటించాలి. మొదటిరోజు దాటించలేక అలాగే వేలాడుతుంటే నేను, "పంచె ఆరేసినట్టుంది" అన్నాను.

"ఆరనీ. గుర్రం ఒళ్లు వెచ్చగా ఉంటాది. బిగుసుకున్న నరానికి అది తెలుస్తాది" అన్నాడు మామూ.

నిజమే. ఎప్పుడూ కత్తెరలా ముడుచుకుపోయే ఆ కాళ్లు కాసేపటికి మెత్తబడి రెండు పక్కలకూ దిగేవి. మామూ గుర్రం తల దగ్గర, నేను కుడివైపు వాడి మోకాలి మీద చెయ్యి వేసి నడిచేవాళ్లం. "గుర్రం నడిస్తే నీ నడుమూ దాంతోబాటు నడస్తాది. ఇన్నేళ్లూ దానికి నడక తెలీదు. నేర్చుకోనీ" అనేవాడు.

"కాళ్లతో అదిలించే బలం లేదే మామూ?"

"నోటితో చెప్పు. కాళ్లు బాగుండేవోళ్లు తన్ని చెప్తారు, అందుకే వాళ్ల మాట అది వినదు."

ఎక్కడంకన్నా ముందు ఆయన నేర్పింది పడటం. ఇసక పోయించి, మెడ ఎట్లా ముడుచుకోవాలో, కళ్లెం ఎప్పుడు వదిలేయాలో చూపించాడు. వాడు పడుతూనే ఉండేవాడు. ఒకరోజు తట్టుకోలేక, "తాడుతో నడుముకు ఒక కట్టు కడదాం మామూ" అన్నాను. ఆయనకు కోపం రాగా నేను చూసింది ఆ ఒక్కసారే.

"కట్టే మాట ఈడ ఇంకోసారి ఎత్తొద్దు. పడితే లేపతా. కట్టుకుని పడితే ఏరుకోవాల."

కుర్రతనంలో ఎక్కడో గుర్రాలశాలలో చేసినప్పుడు అలా ఒకణ్ని చూశాడట. అంతకుమించి చెప్పలేదు.

పెళ్లికి మూడు రోజుల ముందే మామూ బేగంను నడిపించుకుంటూ ఆత్మకూరు బయలుదేరాడు. లారీ ఎక్కిస్తే అది బెదిరిపోతుందని ఒప్పుకోలేదు. మేం పెళ్లిరోజు పొద్దున బస్సులో వెళ్లాం. మధ్యాహ్నం విడిదింట్లో మా టైలరు తలుపు గడియ పెట్టి, షేర్వానీ ఎత్తి లోపలి పక్క చూపించాడు. ఖాకీ కాన్వాసు పట్టీలు రెండు, లోపల నడుము దగ్గర కుట్టి, రెండు పక్కలకూ కిందికి వేలాడుతున్నాయి.

"ఏందిరా ఇవి?"

"నాలుగు వరసలు కుట్టినా. ఏనుగు లాగినా ఊడవు. కొసలు జీను పొట్టపట్టీకి కట్టేయి. పైన షేర్వానీ ఉంటాది, ఎవురికీ కనపడదు."

"మామూ ఏమన్నాడో మర్చిపోయినావా?"

వాడు పట్టీ కొసలు నా చేతిలో పెట్టాడు. "బజారు నడిమధ్య నేను పడితే, ఆ పిల్ల ముసలిదయ్యేదాకా ఆ మాట మోస్తాది. నువ్వే గదరా నన్ను గుర్రం ఎక్కిచ్చింది. నువ్వే కట్టు."

సరేనన్నాను.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక బస్టాండు దగ్గర అరుగు మీదనుంచి వాడు గుర్రం ఎక్కాడు. జరీ కుచ్చులు వేలాడే పెళ్లి జీను. మామూ పొట్టపట్టీని తన చేత్తో బిగించి, రెండుసార్లు లాగి చూసుకుని, గుర్రాన్ని నడిపించే పగ్గం నాకిచ్చి ముందుకు పోయాడు. బ్యాండువాళ్లను గుర్రానికి పది అడుగుల దూరం ఉండమని చెప్పడానికి. ఆ సందులో నేను పట్టీ బకిల్‌ను రెండు రంధ్రాలు వదులు చేసి, కాన్వాసు కొసలు కిందనుంచి దూర్చి, రెండు పక్కలా ముడులు వేశాను. ఇంతలో డోలు మోగింది. జనం మీద పడ్డారు. మామూ వచ్చి పగ్గం అందుకున్నాడు. బకిల్ మళ్లీ బిగించాలన్న సంగతి నేను మర్చిపోయాను.

సగం బజారు బాగానే వచ్చాం. వాడి ముఖానికి మల్లెపూల సెహ్రా వేలాడుతోంది, ముందు ఏముందో వాడికి కనపడదు. కుడివైపు నడుస్తున్న నాకు ఒక్కసారిగా కనపడింది. నా వైపు జరీ కుచ్చులు అవతలివైపు కుచ్చులకన్నా బెత్తెడు కిందికున్నాయి. జీను జారుతోంది. వాడు కాస్తయినా బలమున్న కుడికాలి మీద బరువు వేస్తున్నాడు, అది ఇంకా జారుతోంది. అది తిరగబడితే వాడు గుర్రం పొట్ట కిందికి పోతాడు, డెక్కల మధ్యకి. పైగా వాణ్ని దానికి కట్టింది నేను.

భుజం పెట్టి జీనును పైకి నెట్టాను. నిలవలేదు. ముందు ఎవరో సీమటపాకాయల సరం రోడ్డుకడ్డంగా పరుస్తున్నారు.

"ఆపండి!" అని అరిచాను.

పక్కనే నడుస్తున్న మేనమామ, "మొదలుపెట్టినాడయ్యా. ఈయన తమాషాలు నాకు ముందే చెప్పినారు" అన్నాడు. చుట్టూ నవ్వులు. బ్యాండు ఆగలేదు.

"మామూ, ఆపండి. దయచేసి ఆపండి."

మామూ గుర్రాన్ని ఆపాడు. నా ముఖం చూశాడు. తర్వాత ఎప్పుడో అడిగాను, అంతమందిలో నన్నెట్లా నమ్మినావని. "నువ్వు 'అండీ' అన్నావు. అంత భయం ఎప్పుడొచ్చిందిరా నీకు అనుకున్నా" అన్నాడు.

ఎడమవైపు వచ్చి షేర్వానీ అంచు ఎత్తాడు. కాన్వాసు చూశాడు. ఆయన ముఖంలో రక్తం మొత్తం దిగిపోవడం నేను ఇవతలినుంచి చూశాను. "డెక్కలో రాయి ఇరుక్కునింది, ఒక్క నిమిషం" అని జనానికి చెప్పి, డెక్కలు చెక్కే కత్తి మొలలోంచి తీసి ఎడమ పట్టీ కోసేశాడు.

"బేటా, చిన్నోడు ఎట్టుండాడు?" గొంతులో ఏ తేడా లేదు.

పూల వెనకనుంచి జవాబు: "వణకతా ఉండాడు మామూ."

"వణకనీ. మెడ ముడుచుకో. కళ్లెం వదిలెయ్యి."

గుర్రం మెడకింద దూరి నా వైపు వచ్చాడు. కుడి పట్టీ మీద కత్తి ఆనించాడు. అప్పుడే టపాకాయలు అంటుకున్నాయి. బేగం పక్కకు గెంతింది. జీను గిర్రున తిరిగింది. పట్టీ తెగిన శబ్దం నాకు ఆ మోతలో కూడా వినపడింది. మా టైలరు సరాసరి మామూ మీద పడ్డాడు. ఇద్దరూ దుమ్ములో దొర్లారు. ఖాళీ జీను బేగం పొట్టకింద వేలాడుతూ దాని డెక్కలకు కొట్టుకుంటోంది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే అక్కడ ఉండాల్సింది వాడి తల.

బ్యాండు ఆగిపోయింది. మామూ లేస్తూనే కాన్వాసు ముక్కలు జేబులో కుక్కేశాడు. మోచేయి చీరుకుపోయి రక్తం కారుతోంది.

"ఇంక చాల్లే. ఎత్తుకపోయేదానికి నలుగుర్ని పిలవండి" అన్నాడు మేనమామ.

"ఎవురూ ముట్టుకోవద్దు" అన్నాడు మామూ. బజారంతటికీ వినపడేలా అన్నాడు. "తప్పు నాది. జీను పాతది, పట్టీ నేను సరిగ్గా బిగించలేదు. పిలగాడిదేం లేదు."

నేను నోరు తెరిచాను. ఆయన నా మణికట్టు పట్టుకుని నలిపేశాడు. "నోరు" అన్నాడు. అంతే.

బేగంను నిమిరి, జీను ఊడదీసి, గుర్రాన్ని పక్కనున్న అంగడి అరుగుకు ఆనించి నిలబెట్టాడు. మా టైలరు దుమ్ములోంచి అరుగుదాకా చేతుల మీద పాక్కుంటూ పోయాడు. నేను ముందుకు కదిలితే మామూ మళ్లీ నా చెయ్యి పట్టుకున్నాడు. వాడు అరుగెక్కాడు. తెగిన పూలదండలు పక్కకు నెట్టుకున్నాడు. బేగం ఉత్త వీపు మీద అడ్డంగా బోర్లా పడుకున్నాడు. ఎవడో కిసుక్కుమన్నాడు. వాడు చేత్తో చిన్నోణ్ని పట్టి లాగాడు, దాటలేదు. మళ్లీ లాగాడు. మూడోసారి కాలు అవతలికి దిగింది. లేచి కూర్చుని, "పద బేగం" అన్నాడు.

అది కదిలింది. ఇంతసేపూ నోరెత్తని అమ్మాయి నాయన మేనమామ వైపు తిరిగి, "ఎవురూ ఎత్తలేదు, ఎవురూ మొయ్యలేదు. ఇంకేమన్నా ఉండాదా?" అన్నాడు. ఇంకేం లేదు. నిఖా జరిగింది. ఇప్పుడు వాడికి ఇద్దరు ఆడపిల్లలు.

ఆ తర్వాత ఆత్మకూరులో గానీ వింజమూరులో గానీ మామూను ఒక్క పెళ్లికీ పిలవలేదు. పెళ్లికొడుకును పడేసినవాడన్న పేరు ఆయనకంటే ముందు ఊళ్లు తిరిగింది. నేను సిగ్గు తట్టుకోలేక ఒకరోజు వెళ్లి, "అందరికీ నిజం చెప్పేస్తా మామూ" అన్నాను.

"ఏమని చెప్తావు? కట్టుకుని కూర్చున్నాడనా? అప్పుడు వాడు తనంతట తాను ఎక్కిన సంగతి ఎవురికి గుర్తుంటాది? నా పేరుకేంలే, నేను పెళ్లి చేసుకోవాల్నా?"

అయితే ఆ సాయంత్రం బజారులో నిలబడి చూసినవాళ్లలో వరికుంటపాడు నుంచి వచ్చిన ఒక తల్లి ఉంది. వారం తిరక్కముందే కాళ్లు సచ్చుబడిన కూతుర్ని చంకనేసుకుని ఉదయగిరి వచ్చింది. ఆయన్ని పడేసినవాడని ఆమె అనలేదు. "ఆయబ్బిని ఎక్కిచ్చినట్టే మా పిల్లనూ ఎక్కిచ్చు సామీ" అంది. ఆ పిల్ల వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. పోయిన గురువారం దాకా కొండకింద బాటమీద ఆ పిల్లలు గుర్రమెక్కుతూనే ఉన్నారు. ఎవరికీ కట్టు లేదు. ప్రతి సన్నకాలూ చిన్నోడే. కుడివైపు నడిచే పని నాది. తమాషాలు చేస్తూనే నడిచాను గానీ, బకిల్ మాత్రం పొద్దుకు పదిసార్లు చూసుకునేవాణ్ని.

ఇది రాస్తానని మొన్న మా టైలరును అడిగితే, మిషను ఆపి, "రాయి. నేను కుట్టినానని కూడా రాయి" అన్నాడు. రాశాను. వింజమూరు చుట్టానికి ఎవరైనా చదివి వినిపించండి.

ఆ సాయంత్రంలో పెళ్లింటి గడపదాకా మిగిలిన దారి ఒకటుంది. దాన్ని చాలామంది చూశారు గానీ ఎవరూ చెప్పుకోరు. బ్యాండు మళ్లీ మోగలేదు, డెక్కల చప్పుడు తప్ప ఇంకేం లేదు. తెగిన సెహ్రా లోంచి పెళ్లికొడుకు ముఖం అందరికీ కనపడుతోంది. బేగం ముందు మామూ నడుస్తున్నాడు. ఆ జరీ జీనును తన వీపుమీద వేసుకుని, దాని పట్టీలను రెండు చేతులతో గుండెల దగ్గర పట్టుకున్నాడు. కళ్లెం ఎవరి చేతిలోనూ లేదు. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అడుగు వేసినప్పుడల్లా కుచ్చులు ఆయన మోకాళ్ల వెనక అటూ ఇటూ ఊగుతున్నాయి, మోచేతి రక్తం జరీ మీద బొట్టు బొట్టుగా పడుతోంది.